లింగవ్వ కుడికాలు

సూరత్‌లోని మా భేస్తాన్ గల్లీలో ఆదివారం పొద్దున చాయ్ తాగక ముందే మగవాళ్లు తన్నులకు వరస కట్టేవారు. ఏదో తప్పు చేసి కాదు, నడుము పట్టేసి. తన్నేది మూడో అంతస్తులో ఉండే లింగవ్వ. పుట్టినప్పుడు తల ముందు రావలసింది పోయి ఆమె కాళ్లు ముందు పెట్టింది. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు మూడు తన్నులు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మావాళ్లకు గట్టి నమ్మకం. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జనం, అదే కాలి కింద నడుము పెట్టడానికి మెట్ల మీద తోసుకునేవారు.

నేను వాళ్ల కింది అంతస్తులో ఉంటాను. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసే పని నాది. కార్ఖానాలో మాస్టరు అని పిలుస్తారు. సాంచాల ముందు ఒక షిఫ్టు నిలబడితే మనిషికి నడుము ఉందని తెలుస్తుంది. రెండో షిఫ్టు కూడా నిలబడితే అది మనది కాదనిపిస్తుంది. అందుకే సూరత్‌లో నడుము పేరు చెప్పి అమ్మని సరుకు లేదు. బెల్టులు, స్ప్రేలు, అయస్కాంతాల పట్టీలు, ఏ జంతువుదో చెప్పని నూనెలు. అన్నీ నేను కొన్నాను. నా నడుముకు పోసిన నూనె సాంచాలకు పోసి ఉంటే సేటు నా ఫోటోకు దండ వేసేవాడు, బతికుండగానే.

చివరికి నేనూ లింగవ్వ గుమ్మం ముందు బోర్లా పడుకున్నాను. ఆమె ఒక చెయ్యి గోడకు ఆనించి, కుడి మడమతో నడుము మీద మూడుసార్లు తన్నింది. మనిషిని బట్టి తన్ను ఉండేది. తాగి పెళ్లాన్ని కొట్టేవాడని తెలిస్తే మూడో తన్ను కాస్త నిండుగా పడేది. మార్కండేయ గుడి అయ్యవారు ఒకసారి తల మీద తువ్వాలు కప్పుకుని వెనక మెట్ల నుంచి వచ్చాడు. పాదానికి ముందు పసుపు రాసుకుంటే అమ్మవారి పాదం అనుకుని పడుకుంటానన్నాడు.

"అయ్యగారూ, పట్టింది నీ నడుము. నోరు గాదు. సప్పుడు జెయ్యక పండుండ్రి," అంది లింగవ్వ.

ఆయన పడుకున్నాడు. వారం పది రోజుల్లో తగ్గిందని ప్రసాదం కూడా పంపాడు. నాకూ దాదాపు అన్నే రోజులకు తగ్గింది. ఇంకేముంది, ఆ కాలిని నేను దేవుడి పటం పక్కన పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

లింగవ్వ పెళ్లయిన ఏడాదే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చింది. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంట్లోనే చేస్తుంది. నేల మీద మఠం వేసుకుని, ఒళ్లో చీర పరిచి తల వంచిందంటే మళ్లీ పొయ్యి వెలిగించే వేళకే తల ఎత్తేది. చీరల మూటలు మూడంతస్తులూ ఎక్కించేదీ ఆమే, దించేదీ ఆమే. మా అందరి నడుముల సంగతీ ఆమెకు తెలుసు. తన్నే మనిషికి కూడా ఒక నడుము ఉంటుందని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఆమె భర్త పరమేశ్వర్ మా కార్ఖానాలోనే సాంచాలు నడుపుతాడు. నేను బావా అని పిలుస్తాను. సన్నగా, మెతకగా ఉంటాడు. ప్రతి ఆదివారం వరసలో మొదటివాడు అతనే. మూడో తన్ను పడగానే చివాలున లేచి, రెండు చేతులూ పైకెత్తి "పోయింది!" అని అరిచేవాడు. ఆ అరుపు వింటే వెనక నిలబడినవాళ్లకు సగం నొప్పి అక్కడే దిగిపోయేది. వారం వారం ఆ ఒక్క నడుమే ఎలా పడుతోందని అడిగే తెలివైనవాడు మా గల్లీలో లేడు. నన్ను కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాను.

పోయిన వానాకాలం చివర్లో ఒకరోజు పనికి దిగుతుంటే మెట్ల మీద ఒంటి హవాయి చెప్పు కనిపించింది. వీధిలో లింగవ్వ కూరగాయల సంచితో పోతోంది, ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. పిలిచి ఇచ్చాను. ఆమె కిందికి చూసుకుని, కుడికాలు ఎవరిదో అన్నట్టు కాసేపు నిలబడింది.

"ఊడిందని తెల్వనే తెల్వదు తమ్మీ," అంది.

ఆ తర్వాత ఆ చెప్పు ఎక్కడపడితే అక్కడ దొరకడం మొదలైంది. పాలబూత్ దగ్గర, గుడి ముందు, ఒకసారి ఆటోలో. ఆమె నడకలో కుడి పాదం ముందు భాగం నేలకు రాసుకుంటూ వచ్చేది. కూర్చుంటే లేవలేకపోయేది. అడిగితే ముందు తిట్టింది, తర్వాత చెప్పింది. నొప్పి నడుము నుంచి పిక్కల దాకా గుంజుతోందట. పాదం పైభాగం మొద్దుబారి, గిల్లుకున్నా తెలియడం లేదట.

"డాక్టరుకు చూపిద్దాం అక్కా," అన్నాను.

"డాక్టర్‌కేమెరుక? ఇన్నేండ్ల సంది ఇంతమంది నొప్పి తన్ని తీసిన. గా నొప్పంత యాడికి పోతది? గాలిల కలుస్తదా? నా కాలుకే ఎక్కింది."

నిజం చెప్పొద్దూ, నేను నమ్మాను. గల్లీ మొత్తం నమ్మింది. మా కోసం ఇంత మోసిందా అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, మగవాళ్లు ఎదురైతే తల దించుకున్నారు. ఆ కాలిలో నా వాటా నొప్పి కూడా ఉంటుందని తలుచుకుని నేను రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. లింగవ్వకు మాత్రం నొప్పితో పాటు కొంచెం గర్వం కూడా వచ్చింది. మంచమెక్కింది. పడుకుంటే తగ్గుతుందని పడుకుంది, పడుకున్నకొద్దీ ఒళ్లు బిగుసుకుపోయింది. మంచం పక్కనే అన్నం, మంచం మీదే కత్తెర.

ఎదురుకాళ్ల మనిషిని తన్నాలంటే ఇంకో ఎదురుకాళ్ల మనిషి కావాలని పెద్దలు తేల్చారు. వెతుకులాట మొదలైంది. సూరత్‌లోనే వరాఛా నుంచి తన్నులకు వచ్చే గుజరాతీ అతను ఒకడున్నాడు, లింగవ్వను మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. రోజంతా వజ్రాల సాన మీదికి వంగి కూర్చునే పని. తమ ఊళ్లో ఎదురుకాళ్లతో పుట్టింది ఒకటుంది మాసీ, కానీ అది గేదె అన్నాడు. పిలిపిద్దామా అని కూడా అడిగాడు. గేదె తంతే నొప్పి పోవడం ఖాయమే కానీ నడుము మిగలదని పరమేశ్వర్ ఒప్పుకోలేదు.

అప్పుడు నాకు రామలింగేశ్వరరావుగారు గుర్తొచ్చారు. బ్యాంకు ఆఫీసరు, గోదావరి జిల్లా మనిషి. తెలుగు సంఘం ఉగాది సభలో మైకు పట్టుకుని తాను ఎదురుకాళ్లతో పుట్టానని, అందుకే తనకు అన్నీ ఎదురుదెబ్బలేనని నవ్వించారు. ఇంటికి వెళ్లి బతిమాలాను.

"ఏమిటండీ ఇది? పెద్దావిణ్ణి పట్టుకుని నేను తన్నడమేమిటి?" అన్నారాయన.

"పుణ్యం సార్," అన్నాను.

పుణ్యమనే మాటకు బ్యాంకు ఆఫీసర్లు కూడా పడతారు. ఆదివారం వచ్చారు. వెంట కూతురు సాయిప్రియ కూడా వచ్చింది. ఆ అమ్మాయి ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది, అంటే ఒళ్లు నొప్పులున్నవాళ్లతో కసరత్తులు చేయించే పని. తండ్రి ఒక ఆడమనిషిని తన్నబోతున్నాడంటే చూడకుండా ఉండలేక వచ్చిందని నా అనుమానం.

లింగవ్వ బోర్లా పడుకుంది. గల్లీ అంతా గుమ్మం దగ్గర. రావుగారు బూటు విప్పారు, సాక్సు విప్పారు, ప్యాంటు ఒక మడత పెట్టారు, కళ్లు మూసుకున్నారు. కాలు లేచింది, వణికింది, దిగింది. మళ్లీ లేచింది. చివరికి బొటనవేలితో చీర కొంగును మాత్రం తాకి, గబుక్కున వంగి రెండు చేతులతో ఆ కొంగును కళ్లకద్దుకున్నారు.

"క్షమించండమ్మా. నావల్ల కాదు," అన్నారు.

"గిదేం తన్నుడు సారూ? దోమ వాలితె ఇంతకన్న గట్టిగుంటది," అంది లింగవ్వ దిండులోంచి.

అందరూ నవ్వారు. సాయిప్రియ నవ్వలేదు. ఆమె కళ్లు లింగవ్వ పాదం మీద ఉన్నాయి.

"ఆంటీ, ఒకసారి ఇటు తిరిగి కూర్చోండి. ఎడమకాలి వేళ్లు పైకి లేపండి. ఊఁ. ఇప్పుడు కుడికాలివి."

లింగవ్వ కుడిపాదం కదల్లేదు.

"లేస్తది గని బిడ్డా, ఇప్పుడు లేప బుద్ధయితలేదు."

"ఒంటేలు తెలుస్తోందా? ఆగుతోందా? కూర్చునే చోట మొద్దుబారినట్టు ఏమైనా ఉందా?"

గల్లీ ముందు అడిగే ప్రశ్నేనా అది! ఆడవాళ్లు మగవాళ్లను బయటికి తోసేశారు. తలుపు వెనక నుంచి మాకు అన్నీ వినిపించాయి. ఆ ఇబ్బందేమీ లేదని లింగవ్వ చెప్పింది. అది ఉంటే ఈ నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తాలని, లేకపోయినా కాలి బలం పోతున్నప్పుడు ఆగకూడదని ఆ అమ్మాయి చెప్పింది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల లాంటిది ఉంటుందట, అది పక్కకు ఉబ్బి కాలికి పోయే నరాన్ని నొక్కుతోందేమో అంది. ఆలస్యం చేస్తే పాదం అలాగే ఉండిపోవచ్చు, రేపే రావాలి అంది.

అంతటితో ఆపితే బాగుండేది. ధైర్యం చెబుదామని ఇంకో ముక్క కలిపింది.

"భయపడకండి ఆంటీ. మామూలు నడుము నొప్పులైతే చాలావరకు వాటంతటవే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. మంచం పట్టకుండా తిరుగుతూ ఉంటే చాలు. మీది కాలిదాకా వచ్చింది కాబట్టే చెప్తున్నాను."



"వాటంతటవే తగ్గుతయా?" అంది లింగవ్వ. "మరి నేను తన్నింది?"

లింగవ్వ తలుపు తీసి తండ్రీకూతుళ్లిద్దర్నీ బయటికి పంపింది. గౌరవంగానే పంపింది. చాయ్ కూడా ఇచ్చింది. కానీ ఆసుపత్రి మాట ఎత్తినవాళ్ల మీదకు చీపురు లేచింది. అది మామూలు రోగమైతే తన కాలు కూడా మామూలు కాలే. ఆమె దానికి ఒప్పుకోవడం లేదు. ఆ రోజు నాకు ఆమె మీద జాలి పోయి కోపం వచ్చింది. గొప్ప కోసం కాలు పోగొట్టుకుంటుందా ఈ మనిషి అని మండిపోయాను.

మర్నాడు పని నుంచి వచ్చి పరమేశ్వర్ మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టర్, జర పైకి రా. నేనొక మాట జెప్పాలె. ఒక్కన్నే ఉంటె సంపుతది," అన్నాడు.

వెళ్లాను. లింగవ్వ మంచం మీద చీర పరుచుకుని దారాలు కత్తిరిస్తోంది. పరమేశ్వర్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నా నొప్పి నీ కాలుకు ఎక్కలేదే."

"ఎవలిదెక్కిందో నాకెరుక."

"ఇను. పెండ్లయిన కొత్తల దారం సుట్టిన బీము లేపంగ నా నడుము పట్టింది. యాదికుందా? గప్పుడే నువ్వు మొదలు తన్నినవ్. నేను లేసి పోయిందన్న."

"పోయింది."

"పోలే. దసరా దాంక నొచ్చింది. నువ్వు గట్ల నా మొకం జూస్తుంటివి. కొత్త ఊరు, బాస రాదు, దినాం ఇంటికి పోత అని ఏడుస్తుంటివి. గా పొద్దు నీ మొకం ఎల్గింది. ఇగ నేనేం జెప్పాలె? పండ్లు గిట్ట కరుసుకోని లేసిన."

లింగవ్వ చేతిలో కత్తెర ఆగింది.

"మల్ల ఆదివారం?"

"గది కూడ అబద్దమే. దాని తర్వాత నా నడుము ఎన్నడు పట్టలే. పదిమంది నీ దగ్గరికి రావాలెనని ముందుగాల పండుకున్న. నువ్వు తంతె నాకు మంచిగనే ఉండె. అందరు నిన్ను అడుగుతుంటె మంచిగుండె."

ఇన్నేళ్లుగా సిగ్గు లేకుండా చేతులెత్తి అరిచిన మనిషి, తల పైకెత్తకుండా ఆ మాటలన్నాడు. ప్రేమ కోసం అబద్ధాలు ఆడేవాళ్లను చూశాను కానీ దాని కోసం వారం వారం తన్నులు తిన్నవాణ్ణి నేను అప్పుడే చూశాను.

లింగవ్వ మొహం ఎర్రబడింది. ఆమె లేచి నిలబడింది. కోపం ఎక్కడ పెట్టాలో తెలియక, కుడికాలు ఎత్తి మొగుణ్ణి తన్నబోయింది. అది మడమ తన్ను కాదు, మంచి కోపంలో తన్నే తన్ను. కాలు లేచింది కానీ పాదం లేవలేదు. వేళ్లు కిందికి వేలాడి నేలకు గీరుకున్నాయి, గోరు చిట్లి రక్తం వచ్చింది. ఆమె మాత్రం తన్ను తగిలిందో లేదో అని అతని మొహం వైపు చూస్తోంది.

"తాకిందా?" అంది.

"లేదే," అన్నాడు పరమేశ్వర్.

అప్పుడు కిందికి చూసుకుంది. రక్తం చూసింది. నొప్పి తెలియలేదు. మంచం మీద కూలబడి, ఆ పాదాన్ని రెండు చేతులతో ఒళ్లోకి తీసుకుని భయంతో ఏడ్చింది. లింగవ్వ భయపడటం నేను చూడటం అదే మొదలు.

పొద్దున్నే ఆటోలో తీసుకెళ్లాం. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కాలు పరీక్షించి, స్కానింగ్ తీయించి, సాయిప్రియ అన్న మాటే అన్నాడు. వారం వారం చూస్తాను, బలం ఇంకా తగ్గితే ఆపరేషన్, పెరిగితే వద్దు అన్నాడు. మందులిచ్చాడు. మంచం దిగమన్నాడు. నేల మీద మఠం వేసి వంగి కూర్చోవద్దని, మూటలు నెత్తిన మోయొద్దని, కూర్చున్నా నిలబడినా ఒకే తీరున గంటలు గంటలు ఉండొద్దని చెప్పాడు. ఇంత మామూలు మాటలు చెప్పడానికి ఇంత పెద్ద గది ఎందుకో అని నేను చుట్టూ చూశాను.

లింగవ్వ అన్నీ చేసింది. నేను మా కార్ఖానా నుంచి పాత బల్ల ఒకటి తెచ్చి ఆమె ఎత్తుకు కాళ్లు కోసి ఇచ్చాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, చీర బల్ల మీద పరిచి కత్తిరిస్తుంది. ఒక చీర అయిపోగానే లేచి గుమ్మాల ముందు గ్యాలరీ చివరిదాకా నడిచి వస్తుంది. పొద్దునా సాయంత్రం సాయిప్రియ నేర్పిన కసరత్తులు. వెల్లకిలా పడుకుని నడుము లేపడం, చేతులూ మోకాళ్లూ ఆనించి వీపు వంచడం, పట్టీ తగిలించి పాదం గుంజడం. పక్కనే పరమేశ్వర్ కూడా అవన్నీ చేసేవాడు, ఎవరూ చేయమనకపోయినా. ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేది, లేకపోతే నాకు చెప్పేది.

ఆదివారం జనం వస్తూనే ఉన్నారు. ఆమె తన్నడం లేదు. వరాఛా అతను బతిమాలాడు, ఒకే ఒక్కటి మాసీ అన్నాడు. పోయి నడువు, సాన ముందు నుంచి మాటిమాటికీ లేవు, కాలు మొద్దుబారితే మాత్రం నా దగ్గరికి రాకు, డాక్టరు దగ్గరికి పో అని హిందీలో తిట్టి పంపింది. అతను ఆ తిట్లకే సగం తగ్గిందని మెట్ల మీద చెప్పుకున్నాడు. మనుషుల్ని ఎవరు బాగుచేస్తారు!

చలి మొదలయ్యాక ఒకరోజు వారం పరీక్షకు నేనూ వెళ్లాను. లింగవ్వ బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పరమేశ్వర్ ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. సాయిప్రియ కుడిపాదం పైభాగం మీద అరచెయ్యి వేసింది.

"నీ చెయ్యి ఇంత సల్లగున్నదేంది బిడ్డా?" అంది లింగవ్వ.

సాయిప్రియ ఆమె మొహంలోకి చూసింది. ఆ పాదానికి చల్లదనం తెలిసి ఎన్నాళ్లయిందో మా అందరికీ తెలుసు.

"ఆంటీ, ఇప్పుడు నా చేతిని పైకి తోస్తూ వేళ్లు లేపండి. లేపండి. ఇంకా. సూపర్ ఆంటీ! మొత్తం వచ్చేసింది!"

లింగవ్వ ఆ పొగడ్తను పట్టించుకోలేదు. తలుపు వైపు తిరిగింది. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"నువ్వు జెప్పు. లేసిందా?"

పరమేశ్వర్ చెప్పులు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు. వంగి పాదాన్ని చూశాడు. ఇంకోసారి లేపమన్నాడు, ఆమె లేపింది. అతను చాలాసేపు చూశాడు. అరవమని లోపల ప్రాణం కొట్టుకుంటోందని అతని మెడ నరాలు చూస్తే నాకు తెలుస్తోంది. అరవలేదు.

"సగమే లేసిందే. బొటనేలు ఇంక వంగే ఉన్నది," అన్నాడు.

లింగవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాపి అతని భుజం పట్టుకుని బల్ల దిగింది.

"సరె, తియ్యి. ఇంటికి పోదాం పా," అంది.